సొరుగులో పంతొమ్మిది మంది

నేను ముప్ఫై ఒక్క ఏళ్ళు పోయినవాళ్ళ పుస్తకాలు టైపు చేశాను. మా ఊళ్ళో మనిషి పోతే, దహనానికి వచ్చినవాళ్ళ చేతిలో ఒక చిన్న పుస్తకం పెట్టి పంపుతారు. పైన ఫోటో, లోపల పుట్టిన తేదీ, పోయిన తేదీ, ఆ మనిషి బతుకు నాలుగైదు పేజీల్లో, చివర కాసిని ప్రార్థనలు. ఏటి పక్కన విహారానికి ఎదురుగా ఉండే మా ప్రెస్సులో ఆ పుస్తకాలన్నీ నా వేళ్ళ మీదుగానే వెళ్ళాయి. ఊళ్ళో ఎవరెంత మంచివాళ్ళో నన్నడగండి. పోయాక అందరూ మంచివాళ్ళే. అందరూ తెల్లవారకముందే లేచి భిక్షువులకు అన్నం పెట్టినవాళ్ళే. ఆ వాక్యం ఎన్నిసార్లు కొట్టానో నాకే తెలియదు.

ప్రెస్సు మూసేసిన రోజున యజమాని, "ప్రయోంగ్, ఆ కంప్యూటరు నువ్వే పట్టుకెళ్ళు, నీకు తప్ప ఎవరికీ అది మాట వినదు" అన్నాడు. రిక్షాలో వేయించుకుని తెచ్చి వసారాలో పెట్టుకున్నాను. పెళ్ళీ పెటాకులూ లేనిదాన్ని, ఇంట్లో ఏదో ఒకటి గుర్రుమంటూ ఉంటే బాగానే ఉండేది. అందులో ఎక్సాన్ అనే రాత ప్రోగ్రాము ఉండేది. ఎవరో బ్యాంకాకు వాళ్ళు చేసింది. మా అక్షరాలు అందులో వచ్చినంత అందంగా మరెందులోనూ రావని నా నమ్మకం. నమ్మకం కాదు, మొండితనం అనండి.

అప్పటినుంచి మా వయసువాళ్ళు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. "నేను పోయాక మావాళ్ళు ఏం రాయిస్తారో ఏమో, నా పుస్తకం నేనే చెబుతాను, కొట్టి పెట్టు" అనేవాళ్ళు. నేను కొట్టి పెట్టేదాన్ని. కాగితం మీదికి మాత్రం తీసేదాన్ని కాదు. బతికున్న మనిషి పుస్తకం కాగితం ఎక్కితే యముడి చేతికి చీటీ రాసిచ్చినట్టేనని మా వీధిలో పట్టింపు. కొట్టినదాన్ని మళ్ళీ చదవనని మాట కూడా ఇచ్చేదాన్ని. మనిషి పోయిన మర్నాడు తెరిచి, అచ్చుకు పంపి, ఆ పేరు సొరుగులోంచి తీసేసేదాన్ని. ఎక్సాన్‌లో పుస్తకాలు దాచే చోటును సొరుగు అనేవాళ్ళు. నిరుడు చివరికి నా సొరుగులో పంతొమ్మిది మంది ఉన్నారు.

ఆ సొరుగుకు ఒక గుణం ఉంది. పదేళ్ళు ముట్టుకోని పుస్తకాన్ని అదే ఊడ్చి పారేస్తుంది. ప్రెస్సులో ఉన్నప్పుడు చోటు చాలక యజమాని అలా పెట్టించాడు, దాన్ని మార్చడం నాకు రాదు. అందుకని ఏటా సొంగ్‌క్రాన్ నీళ్ళ పండగ అయ్యాక ఒక్కో పుస్తకాన్నీ తెరిచి, చదవకుండా మూసేసేదాన్ని. అలా ముట్టుకుంటే మరో పదేళ్ళు భద్రం.

ఆ పంతొమ్మిది మందిలో సానిత్ అన్న ఒకడు. డెబ్భై దాటినా తాటిచెట్లు ఎక్కిన మనిషి. చెట్టుకు కట్టిన వెదురు గడ మీద ఆయన పైకి పోతుంటే కింద నిలబడిన మనకే కళ్ళు తిరిగేవి. మూడేళ్ళ కిందట, వానలకు తాటిచెట్ల గీత ఆగిపోయిన రోజుల్లో, గొడుగు ముడుచుకుంటూ మా వసారా ఎక్కాడు.

"చెల్లెమ్మా, ముందే చెబుతున్నా. నేను అన్నది అన్నట్టు కొట్టు. నా మాటలకి ఇస్త్రీ చెయ్యకు."

"బూతులు కూడానా?"

"బూతులు ముందు కొట్టు. అవి లేకపోతే నేనే చెప్పానని మా లమూన్ నమ్మదు."

మొదటి రెండు మధ్యాహ్నాలూ చెట్ల గురించీ, పడ్డ దెబ్బల గురించీ చెప్పాడు. మూడో రోజు చాలాసేపు చూరు నీళ్ళు కారడం చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఒక్క గుక్కలో చెప్పాడు.

ఆయన భార్య లమూన్ అక్క తల్లి, తాటిబెల్లం కాచే పాకలో మంటలకు పోయింది. నలభై నాలుగేళ్ళ కిందటి మాట. భోజనం చేసి పాక వెనకవైపు పడుకుంది ఆవిడ. లమూన్ పొయ్యి ఆర్పి, తాటినీరు పట్టే వెదురు గొట్టాలు కడగడానికి కాలువకు వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పాక లేదు, తల్లీ లేదు. నిప్పు సరిగా ఆర్పకుండా పోయింది తనేనని ఊరంతా అనకముందే తనే అనేసుకుంది. ఆనాటినుంచి నోట్లో తాటిబెల్లం పెట్టలేదు. బెల్లం కాచి బతికే ఇంట్లో ఉండి, వేలి చివర అంటినది కూడా నాక్కోకుండా కడిగేసుకునేది. విహారంలో శీలం పట్టే ప్రతి ఉపోసథం రోజునా తల్లి పేరిట అన్నం పెట్టి, నేల మీద నీళ్ళు వదులుతూ క్షమించమని అడుగుతుంది. నేను పక్కన కూర్చుని ఎన్నిసార్లు చూశానో.

సానిత్ అన్న చెప్పింది వేరు. లమూన్ పొయ్యి ఆర్పే వెళ్ళింది. ఆయన వచ్చి, ఎండుచేప కాల్చుకోవడానికి మళ్ళీ రాజేశాడు. కాల్చుకుని, తింటూ, ఎడ్ల పందేలకు పోయాడు. నిప్పు వెనకాల ఉండిపోయింది.

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదన్నా?" అని అడిగాను. అలా అడగడం నా పని కాదు, అయినా అడిగాను.

"మొదటిరోజు భయం. తర్వాత సిగ్గు. ఆ తర్వాత మరీ ఆలస్యమైపోయింది. ఇప్పుడు చెబితే అది నాకు గంజి కాచి పెట్టదు" అని నవ్వబోయి నవ్వలేకపోయాడు. "చివర్న ఇంకొక్కటి పెట్టు. ఇది దానికీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. ఇది చదివితే, చెప్పింది నేనేనని దానికి తెలుస్తుంది."

ఆ ఒక్కటీ చెప్పాడు. నేను కొట్టాను. ఏదో ఒక వస్తువు సంగతి. ముప్ఫై ఏళ్ళు టైపు చేసినవాళ్ళకు ఒక జబ్బు ఉంటుంది. మాట చెవిలోంచి నేరుగా వేళ్ళలోకి దిగిపోతుంది, బుర్రలో ఆగదు. ఆయన కథ నా మనసుకు తగిలింది కాబట్టి నిలిచింది. చివరి రెండు వాక్యాలూ నిలవలేదు. మిషనులో ఉన్నాయిగా, నాకెందుకు?

ఎక్సాన్‌కు ఏటా కొత్త సంవత్సరంలో ఒక నంబరు కొట్టాలి, లేకపోతే తెరుచుకోదు. బ్యాంకాకుకు ఫోన్ చేస్తే సుదా అనే అమ్మాయి ఆ నంబరు చెప్పేది. నిరుడు చేసినప్పుడు తనే ఎత్తి, "అత్తా, మీకు ఉత్తరం రాలేదా? ఈ ఏడాది చివరితో మూసేస్తున్నాం. ఇంకా వాడుతున్నవాళ్ళు దేశం మొత్తంలో పదకొండు మందే. అందరూ మీ వయసువాళ్ళే" అంది.

"ఉత్తరాలదేముంది తల్లీ, నువ్వున్నావుగా."

"వచ్చే ఏడు నేనుండను అత్తా. వేరేదానికి మార్చేసుకోండి, దయచేసి."

అలాగే అన్నాను. ఉత్తరం వచ్చింది కూడా. 'ఎక్సాన్ వాడుకదారులకు కృతజ్ఞతలు' అని మొదలై, ఫలానా తేదీ తర్వాత తమ సహకారం ఉండదని ముగిసింది. దాన్ని మడిచి క్యాలెండరు వెనక పెట్టాను. మార్చడం అంటే మాటలా? భిక్షువులు దానం చేసిన కొత్త ల్యాప్‌టాప్ ఎక్సాన్ పుస్తకాలను గుర్తు కూడా పట్టదు. పాత ఫ్లాపీ బిళ్ళలకు బూజు పట్టింది. పెన్‌డ్రైవ్ గుచ్చే కన్నం కూడా లేని మిషను నాది. పంతొమ్మిది పుస్తకాలనూ తెర మీద చదివి, పక్కన కొత్తదాంట్లో మళ్ళీ కొట్టాలి. చదవనని మాటిచ్చానుగా అని నాకు నేను చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే బద్ధకం. అంతకన్నా నిజం, ఇక నా మిషను పనికిరాదని ఒప్పుకోవడం ఇష్టం లేకపోవడం. ఏడాది గడువిచ్చారు. ఏడాదంతా సరేలే అనుకుంటూ గడిపాను.

జనవరి రెండున ఫోన్ చేస్తే మోగింది, ఎవరూ ఎత్తలేదు. మూడున చేస్తే ఆ నంబరు వాడుకలో లేదని ఒక గొంతు చెప్పింది. మిషను కట్టేసి గుడ్డ కప్పాను. ఇప్పుడెవరు పోతారులే అనుకున్నాను. ఏడో తేదీ మంగళవారం మధ్యాహ్నం సానిత్ అన్న తాటిచెట్టు మీదనుంచి పడి కాదు, మంచం మీద, గుండె ఆగి పోయాడు.

మర్నాడు పొద్దున పదింటికి లమూన్ అక్క వచ్చింది. నల్ల బట్టలు కట్టుకుని, పుస్తకం అట్ట మీద వేయాల్సిన ఫోటో సంచిలో పట్టుకుని వచ్చింది. దహనం ఆదివారం.

"నీ దగ్గర ఏదో చెప్పి పెట్టాడటగా? పోయేముందు నాలుగుసార్లు అన్నాడు. ప్రయోంగ్ దగ్గరుంది, చదువు, చదువు అని. ఏముందే అందులో?"

"ఉంది అక్కా. నువ్వే చదువుకుందువు గాని."

"ఇంకో పెళ్ళామేమైనా ఉందా?"

"ఆ మొహానికా?"

నవ్వింది. భర్త పోయిన రెండో రోజున నవ్వినందుకు అరచేత్తో నోరు మూసుకుంది. నేను చమ్రోన్ అన్నకు కబురు పెట్టాను.

చమ్రోన్ అన్న టీవీలు బాగుచేసి బాగుచేసి వదిలేసిన మనిషి. ఆయన ఇంట్లోనూ ఒక పాత కంప్యూటరుంది. అందులో చదరంగం ఆడుకుంటాడు. అది రోజూ 'నన్ను మార్చండి, నాకు రక్షణ లేదు' అని చీటీ చూపిస్తుంది. 'నాకు మాత్రం ఉందేంటి' అని ఈయన దాన్ని మూసేస్తాడు. మా వీధిలో ముసలివాళ్ళ మిషన్లన్నిటికీ ఆయనే వైద్యుడు.

వచ్చి, నా గోడు విని, గడ్డం గోక్కున్నాడు.

"నంబరెందుకు తల్లీ? గడియారం వెనక్కి తిప్పెయ్. కంపెనీ బతికున్న రోజుల్లోనే ఉన్నాననుకుంటుంది పిచ్చిది. అరవై పెట్టు. అరవైలో సుబ్బరంగా నడిచిందిగా."

"అంతేనా?"

"అంతే. ఊళ్ళో సగం మిషన్లు అలాగే నడుస్తున్నాయి."

ఇక్కడ ఒకటి చెప్పాలి. మా బౌద్ధ శకం లెక్కలో ఇది 2568. మేం అరవై ఎనిమిది అంటాం. కంప్యూటరు లెక్కలో 2025. నా మిషనులో చిన్న బ్యాటరీ చచ్చిపోయి ఏడేళ్ళయింది. అప్పటినుంచి వేసినప్పుడల్లా నల్లటి తెర మీద ముందు తేదీ అడుగుతుంది, సంవత్సరానికి చివరి రెండంకెలే అడుగుతుంది. మా అంకెలోంచి నలభై మూడు తీసేసి కొట్టాలి. మర్చిపోతానేమోనని తెర కింది అంచున చీటీ అంటించుకున్నాను, 'నలభై మూడు తియ్యి' అని. ఏడేళ్ళలో ఒక్కరోజు కూడా తప్పలేదు.

ఆ రోజు లమూన్ అక్క సంచిలోంచి సానిత్ అన్న ఫోటో తీసి, "ఇది బాగుందా, చెవులు మరీ పెద్దగా లేవూ?" అంటూ తెరకు ఆనించి నిలబెట్టింది. చీటీ ఫోటో వెనక్కి పోయింది. నేను ఆ చెవులు చూస్తున్నాను. చమ్రోన్ అన్న "అరవై" అన్నాడు. నేను అరవై కొట్టాను.

పదిహేడు కొట్టాల్సింది. మిషను దాన్ని 2060 అనుకుంది. ముప్ఫై అయిదేళ్ళు ముందుకు దూకింది.

ఎక్సాన్ తెరుచుకుంది. ముగ్గురం ఒకేసారి హమ్మయ్య అన్నాం. మధ్యలో చిన్న పెట్టె ఒకటి వచ్చింది. సొరుగు శుభ్రం చేస్తున్నది, దయచేసి ఆగండి.

"ఏంటదీ, ఊడుస్తోంది?" అన్నాడు చమ్రోన్ అన్న.

నాకు అప్పుడు అర్థమైంది. వంగి, బల్ల కింద చెయ్యి పెట్టి, తీగ గోడలోంచి పీకాను. పీకేటప్పుడు మోచెయ్యి బల్లకు తగిలి చర్మం లేచిపోయింది. మళ్ళీ తగిలించి, ఈసారి పదిహేడు కొట్టి, తెరిచి చూశాం. ముప్ఫై అయిదేళ్ళుగా ఎవరూ ముట్టుకోని పుస్తకాలనుకుని పంతొమ్మిదింటినీ ఊడ్చేసింది. సొరుగులో ఏమీ లేదు.

"ఏమైంది?" అంది లమూన్ అక్క. ఫోటో తీసి సంచిలో పెట్టుకుని, నిలబడి, మళ్ళీ కూర్చుంది.

"నువ్వు అరవై అన్నావు" అన్నాను చమ్రోన్ అన్నతో.

"అరవై అంటే అరవై కొడతావా? రోజూ తీసేదానివిగా!"

"నువ్వు పదిహేడు అని చెప్పొచ్చుగా!"

"పదిహేడని నేను జన్మలో ఎప్పుడన్నా అన్నానా? మనం అనేది అరవైయేగా!"

ఇద్దరం అరుచుకున్నాం. డెబ్భై రెండేళ్ళ మనిషి, అరవై తొమ్మిదేళ్ళ మనిషి, మూగదాని ముందు నిలబడి. అరిచినంతసేపూ నాకు తెలుసు, కొట్టింది నా వేళ్ళేనని.

చమ్రోన్ అన్న ఆ మధ్యాహ్నమే నా కంప్యూటరు పెట్టెను మోటారు సైకిలు వెనక కట్టుకుని ఫెచ్చబురి టౌనుకు తీసుకెళ్ళాడు. అక్కడ పోయినవి వెతికి తీసే కొట్టు ఉంది. వాళ్ళు రెండు రోజులు ఉంచుకుని, దొరికిందేదో ఒక కాగితం మీద అచ్చు తీసి ఇచ్చారు. కాగితం నిండా గళ్ళు, చుక్కలు. మధ్యలో ఒకే ఒక్క వాక్యం చదవడానికి వచ్చింది. 'తెల్లవారకముందే లేచి భిక్షువులకు అన్నం పెట్టేవారు.' అది ఎవరి గురించో కూడా తెలియదు.

శనివారం పొద్దున లమూన్ అక్క ఇంటికి వెళ్ళాను. వెనక చపటా మీద కూర్చుని సాయంత్రం ప్రార్థనలకు వచ్చేవాళ్ళ కోసం చిన్న ఉల్లిపాయలు తరుగుతోంది. నేనూ ఒక కత్తి తీసుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక నాలుగు ఉల్లిపాయలు తరిగాను.

"అక్కా, సానిత్ అన్న ఏం చెప్పాడో నాకు గుర్తుంది."

"చెప్పు."

"పొయ్యి నువ్వు ఆర్పే వెళ్ళావట. ఆయన వచ్చి మళ్ళీ రాజేశాడట. ఎండుచేప కాల్చుకోవడానికి. కాల్చుకుని ఎడ్ల పందేలకు పోయాడట. అమ్మ పోయింది నీవల్ల కాదక్కా. ఆయనవల్ల."

కత్తి ఆగింది. ఉల్లి ఘాటుకో దేనికో కళ్ళు తుడుచుకుంది. తర్వాత కత్తి మళ్ళీ కదిలింది.

"ఆయనకి ఎండుచేపలంటే ప్రాణమని ఊరందరికీ తెలుసు. ఆ రోజు పందేలున్నాయని నేనే నీకు చెప్పాను. ఒకసారి కాదు."

"నేను కల్పించి చెబుతున్నాననుకుంటున్నావా?"

"కల్పిస్తున్నావని కాదే. నువ్వు మంచిదానివి. ముప్ఫై ఏళ్ళు పోయినవాళ్ళందర్నీ మంచివాళ్ళని చేసిన చెయ్యి నీది. మా చిన్నాన్న తాగి పెళ్ళాన్ని కొట్టేవాడు, నువ్వు కొట్టిన పుస్తకంలో దేవుడు. ఇప్పుడు బతికుండగానే నన్ను చేద్దామనుకుంటున్నావు."

"అక్కా, ఒట్టు. ఒక మాట పెట్టమన్నాడు. నీకూ ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదట. అది చదివితే ఆయనే చెప్పాడని నీకు తెలుస్తుందన్నాడు. ఏదో వస్తువు."

ఆవిడ మొదటిసారి నా మొహంలోకి చూసింది. ఆ చూపులో ఆశ ఉంది.

"ఏ వస్తువు?"

నేను కళ్ళు మూసుకున్నాను. వాన, చూరు నీళ్ళు, ఆయన మోకాలి మీద గొడుగు, అన్నీ కనిపించాయి. పెదవులు కదలడం కనిపించింది. మాట వినిపించలేదు. వేళ్ళు ఒళ్ళో వాటంతటవే కదిలాయి. అవైనా చెబుతాయేమోనని చూశాను.

"గుర్తు రావడం లేదక్కా."

"మరి" అంది. ఉల్లిపాయలు నా ముందు నుంచి తీసుకుని తన పళ్ళెంలో పోసుకుంది.

ఆదివారం దహనమైంది. వచ్చినవాళ్ళు చితి దగ్గర చందనపు చెక్క పూలు పెట్టి మెట్లు దిగుతుంటే చేతికి పుస్తకాలిచ్చారు. అట్ట మీద సానిత్ అన్న, పెద్ద చెవులతో. లోపల రెండు తేదీలు, ప్రార్థనలు. బతుకు ఉండాల్సిన చోట ఏమీ రాయించవద్దని లమూన్ అక్క చెప్పింది. జనం పేజీలు తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పి, నా వైపు చూశారు. ఆ చూపులు నాకు తగినవే.

తర్వాత మిగతావాళ్ళ వంతు. పద్దెనిమిది మందికి నేనే ఇంటింటికీ వెళ్ళి చెప్పాను. కొందరు తిట్టారు. ఒకాయన నవ్వి, పోతే పోయిందిలే, అందులోనివి సగం గొప్పలేగా అన్నాడు. ఇద్దరు మళ్ళీ చెప్పలేరు. ఒకావిడకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఇంకొకాయనకు నేనెవరో కూడా గుర్తు లేదు. ఆయన ఏం చెప్పాడో నాకూ గుర్తు లేదు. ఆయన చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుని వచ్చేశాను. చెప్పగలిగినవాళ్ళు ఒక్కొక్కరే మళ్ళీ వచ్చారు. ఈసారి నోటు పుస్తకం, కలం. కాగితం మీద పట్టింపు ఏమైందని ఎవరూ అడగలేదు.

చమ్రోన్ అన్న ఫిబ్రవరిలో ఒకరోజు బొత్తాం అంత కొత్త బ్యాటరీ పట్టుకొచ్చాడు. మూత విప్పి, అద్దాలు నుదుటి మీదికి తోసుకుని, దాన్ని లోపల కూర్చోబెట్టాడు. "ఇక తేదీ అడగదు" అన్నాడు. ఏడేళ్ళుగా ఇద్దరం రేపు రేపంటూ వదిలేసిన పని, పావుగంట పట్టింది. టీ ఇస్తానంటే ఆగకుండా వెళ్ళిపోయాడు. మిషనులో ఇప్పుడు తేదీ సరిగ్గా ఉంది.

సొంగ్‌క్రాన్ వెళ్ళిన వారానికి, నేను ఏటా సొరుగు తెరిచి మూసే రోజుల్లోనే, లమూన్ అక్క మా వసారా ఎక్కింది. బాగా చిక్కిపోయింది. తాటిపండు గుజ్జుతో ఆవిరి మీద చేసిన రొట్టెలు ఉంటే పళ్ళెంలో పెట్టి ముందుంచాను.

"నా పుస్తకం చెబుతాను. రాసుకో" అంది. "నేను అన్నది అన్నట్టు రాయి. మంచి చెయ్యకు."

సరేనన్నాను. కలం తీసుకున్నాను. పుట్టిన ఊరు, తల్లి నేత పని, పెళ్ళి. ఆవిడ మెల్లగా చెబుతోంది, నేను రాస్తున్నాను. పాక దగ్గరికి వచ్చింది.

"ఆ మధ్యాహ్నం నేను నిప్పు సరిగ్గా ఆర్పలేదు. ఆర్పాననుకున్నాను. గొట్టాలు కడగడానికి కాలువకి పోయాను. మా అమ్మ నా అజాగ్రత్త వల్ల పోయింది." ఆగి, వీధిలోకి చూసింది. "ఇంకొకటి కూడా రాయి. ఎవరికీ చెప్పలేదు. అమ్మ తన చేత్తో నేసిన ఎర్రగళ్ళ తువ్వాలు ఉండేది. పొద్దున ఉతికి కంచె మీద ఆరేశాను. అన్నీ పోయినా అదొక్కటైనా మిగలాల్సింది. కంచె కాలలేదు. తువ్వాలు లేదు. మూడు రోజులు వెతికాను."

నా కలం ఆగిపోయింది. వాన చప్పుడు వినిపించింది. చూరు నీళ్ళు, గొడుగు, ఆ బొంగురు గొంతు, మాట మాటా వినిపించింది.

"తువ్వాలు!" అన్నాను. "అక్కా, అదే. తువ్వాలే. చెయ్యి కాలకుండా కంచె మీది తువ్వాలు తీసి చుట్టుకున్నాను చెల్లెమ్మా అన్నాడు. చేప తిప్పుతుంటే దాని కొస అంటుకుందట. విదిలించి తాటాకుల మీద పారేసి, ఆరిపోయిందిలే అనుకుని పోయాడట. అదే అక్కా, ఆయన చెప్పిన వస్తువు అదే!"

నేను లేచి నిలబడ్డానని అప్పటిదాకా తెలియలేదు. నోటు పుస్తకం కింద పడింది.

లమూన్ అక్క నా వైపు చాలాసేపు చూసింది. ఉల్లిపాయల రోజున చూసిన చూపు కోసం వెతికాను. అది లేదు. జాలి ఉంది. నా మీద.

"ఇప్పుడేగా తల్లీ నేను చెప్పింది" అంది.

"నువ్వు చెప్పాక గుర్తొచ్చింది అక్కా, కానీ ఆయన..."

"కూర్చో."

కూర్చున్నాను. ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు. ఆవిడే వంగి నోటు పుస్తకం తీసి, దుమ్ము దులిపి నా ఒళ్ళో పెట్టింది. ఎక్కడిదాకా వచ్చామో వేలితో చూపించింది.

"రాశావా, నా అజాగ్రత్త వల్ల అని?"

"రాయలేదు."

"రాయి."

ఆయన అన్నది అన్నట్టు కొట్టాను, నిలబెట్టలేకపోయాను. ఈవిడ అన్నది అన్నట్టు రాశాను. మా అమ్మ నా అజాగ్రత్త వల్ల పోయింది. పైకి చదవమంది, చదివాను. తలూపింది.

టీ తాగింది. పళ్ళెంలో రొట్టె చేతిలోకి తీసుకుని, వాసన చూసి, "ఇందులో తాటిబెల్లం వేశావా?" అని అడిగింది.

వేశానన్నాను.

రొట్టె పళ్ళెంలో పెట్టేసి, పళ్ళెం నా వైపు జరిపింది.